నెట్ న్యూట్రాలిటీ మీద బీజేడీ ఏమంది, మిగతా పార్టీలు ఏమన్నాయి: పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మా పర్లాకిమిడి బస్టాండు దగ్గర రీచార్జ్, జెరాక్స్ షాపు పెట్టి పన్నెండేళ్ళు దాటింది నాకు. వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, సంతరోజున కొండల మీంచి దిగే సవరవాళ్ళు, అందరూ ఉంటారు. డేటా ప్యాక్ వేయించుకుంటూ అడిగే ప్రశ్నలు కొన్ని ఎప్పుడూ ఒకటే, ఎలక్షన్ టైములో ఇంకా ఎక్కువ, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను ఏ పార్టీలోనూ లేను. ఈ విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది, అది దాచను.

అసలు నెట్ న్యూట్రాలిటీ అంటే ఏటి?

సంతలో ఆశీలు తెలుసు కదా. గంపకి ఇంత, బస్తాకి ఇంత అని పాటదారు వసూలు చేస్తాడు. గంపలో వంకాయలున్నా చింతపండున్నా రేటు ఒకటే, ఎవరి గంపైనా ఒకటే. ఇప్పుడు అదే పాటదారు "మా బావమరిది దగ్గర కొన్నవాళ్ళకి ఆశీలు లేదు, ఆ మూల ముసలమ్మ దగ్గర కొంటే డబుల్" అన్నాడనుకోండి, నెల తిరక్కుండా ముసలమ్మ గంప ఎత్తేస్తుంది. ఆమె సరుకు బాగోలేక ఎత్తేసింది కాదు, దారి దగ్గర కూర్చున్నవాడు ఎత్తించేశాడు. నెట్‌లో ఆ పాటదారు మన సిమ్ కంపెనీ. మనం డేటాకి డబ్బు కట్టేశాక దాంతో ఏ సైటు చూస్తామో, ఏ యాప్ వాడతామో కంపెనీకి అనవసరం, అన్నిటికీ ఒకే రేటు, ఒకే స్పీడు, దేన్నీ ఆపకూడదు. అంతే. ఈ పేరు 2003లో టిమ్ వూ అనే అమెరికా లా ప్రొఫెసర్ పెట్టాడు, విషయం మాత్రం సంత అంత పాతది.

ఇది కంపెనీల గొడవ కదా, మధ్యలో పార్టీలకి ఏం పని?

రూల్ పెట్టేది ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, లైసెన్స్ ఇచ్చేది ఢిల్లీలో టెలికాం శాఖ, ఆ శాఖకి మంత్రి ఉంటాడు, మంత్రిని పార్లమెంటులో నిలదీసేది ఎంపీలు. మన ఓటు అక్కడిదాకా పోతుంది. 2014 డిసెంబర్లో ఎయిర్‌టెల్ వాళ్ళు నెట్ కాల్స్‌కి వేరే ఛార్జి అని ప్రకటించి, జనం గోల పెట్టేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. తర్వాత 2015 మార్చి 27న ట్రాయ్ ఒక చర్చా పత్రం బయటపెట్టింది, నూట పద్దెనిమిది పేజీలు, ఇరవై ప్రశ్నలు. ఆ ఏప్రిల్ నెలంతా దేశం నుంచి పది లక్షలకి పైగా ఈమెయిళ్ళు పోయాయి ట్రాయ్‌కి. జనం అంత కదిలాక పార్టీలు నోరు విప్పక తప్పలేదు.

మరి బీజేడీ ఏమంది?

బీజేడీ అంటే బిజూ జనతా దళ్, ఒడిశా పార్టీ, గుర్తు శంఖం. ఎక్కువమంది అడిగేది ఇదే, ఎందుకంటే అప్పుడు మన రాష్ట్రం మొత్తం శంఖం చేతిలో ఉండేది. 2014లో ఒడిశాలో ఇరవై ఒక్క లోక్‌సభ సీట్లకి ఇరవై వాళ్ళవే, మన బరంపురం సీటు కూడా.

ఆ పార్టీ ఈ విషయంలో నెట్ న్యూట్రాలిటీ వైపు స్పష్టంగా నిలబడింది, ఆ మాట నేను సంతోషంగా చెప్తా. ధెంకనాల్ ఎంపీగా ఉన్న తథాగత సత్పతి 2015 ఏప్రిల్లో ట్రాయ్‌కి లేఖ రాశారు, ఆ రోజుల్లోనే రెడిట్ అనే చర్చల సైట్‌లో కూర్చుని కుర్రాళ్ళు అడిగినవాటికి జవాబులు చెప్పారు, మన ఎంపీలు అలా చేయడం అప్పటికి చాలా అరుదు. ఆయన 'ధరిత్రి' పత్రికకి సంపాదకుడు కూడా, కాబట్టి చదివేవాడికీ రాసేవాడికీ మధ్యలో ఎవడో గేటు వేస్తే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దానికంటే నాకు ముఖ్యమనిపించింది ముఖ్యమంత్రి హోదాలో నవీన్ పట్నాయక్ ట్రాయ్‌కి రాసిన లేఖ, అదీ 2015లోనే. నా మాటల్లో చెప్పాలంటే అందులో సారం ఇది: పేదవాళ్ళకి ఇప్పుడు దొరుకుతున్నదానికంటే చాలా ఎక్కువే దక్కాలి, కానీ వాళ్ళకి ఏం అవసరమో ఇంకొకరు తేల్చకూడదు, పేదవాడికి ఇది చాలు అని మీరే చెప్పేస్తే తనకి ఏది మంచిదో ఎంచుకునే హక్కు లాగేసుకున్నట్టే. ఇంజినీర్లు, లాయర్లు పేజీలు పేజీలు రాసిన చోట ఆ ఒక్క ముక్క నాకు సూటిగా తగిలింది. ఒడిశా లాంటి రాష్ట్రం నుంచి రావడం వల్ల దానికి ఇంకా బరువు, "పేదల కోసమే ఫ్రీ నెట్" అనే వాదనకి పేదవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రం ముఖ్యమంత్రే వద్దు అని చెప్పినట్టయింది.

ఫ్రీగా ఇస్తుంటే వద్దనడం ఏమిటి? ఫ్రీ బేసిక్స్ వస్తే మనలాంటోళ్ళకి లాభమే కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళ మీద నాకు కోపం రాదు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నా. ఫేస్‌బుక్ వాళ్ళు 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ పేరుతో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇక్కడ మొదలుపెట్టారు, ఆరు రాష్ట్రాల్లో, ఆంధ్ర తెలంగాణ మహారాష్ట్ర ఉన్నాయి, ఒడిశా లేదు. సెప్టెంబర్లో దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. వాళ్ళు ఒప్పుకున్న కొన్ని సైట్లు ఫ్రీ, మిగతా ఇంటర్నెట్‌కి డబ్బులు. దీన్నే జీరో రేటింగ్ అంటారు.

నేను మనసు మార్చుకున్నది మాత్రం షాపులో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల. అప్పట్లో వాట్సాప్ ప్యాక్, ఫేస్‌బుక్ ప్యాక్ అని విడిగా అమ్మేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది. కాశీనగర్ వైపు నుంచి ఒకామె వచ్చి కూతురి నర్సింగ్ సీటు విషయం చూసుకోవాలని నా దగ్గరే వాట్సాప్ ప్యాక్ వేయించుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఫోను బల్ల మీద పెట్టి, "బాబూ, వాట్సాప్‌లోనే నొక్కాను, ఇంకేటీ ముట్టుకోలేదు, నా బేలన్సు ఏమైపోయింది" అంది. చూస్తే ఎవరో గ్రూపులో సీట్లు వచ్చినవాళ్ళ లిస్టు లింకు పంపారు, ఈమె దాని మీద నొక్కింది, లింకు బయట బ్రౌజర్లో తెరుచుకుంది, అక్కడికి ప్యాక్ పనిచేయదు, పేజీ సగం దిగేలోపు మెయిన్ బేలన్స్ మొత్తం కోసేశారు. నలభై చిల్లర ఉండేది, ఒకటిన్నర రూపాయి మిగిలింది. తెల్ల పేజీలో పైన కాలేజీ పేరు ఒక్కటే కనబడుతోంది, కింద గుండ్రంగా తిరుగుతోంది. ఆమె చీర కొంగుతో స్క్రీన్ తుడుస్తోంది, దుమ్ము వల్ల కనబడట్లేదేమో అని. కంపెనీకి ఫోన్ చేస్తే అది ప్యాక్ రూల్, మేమేం చేయలేం అన్నారు. నా ఫోన్లో చూసి చెప్పా, సీటు లేదు ఆ అమ్మాయికి.

ఆమెకి కావాల్సింది వాట్సాప్ కాదు, ఆ లిస్టు. ఏ లిస్టు ఎప్పుడు కావాల్సొస్తుందో ముందుగా ఏ కంపెనీకి తెలుస్తుంది, తెలియనప్పుడు ఈ పది సైట్లు మీకు చాలు అని ఎలా చెప్తారు? ఆ డబ్బుకే మామూలు డేటా కొంచెం తక్కువ ఎంబీ ఇచ్చినా పని జరిగేది.

మన తెలుగువాళ్ళకి ఇందులో ప్రత్యేకంగా ఏముంది? అందరికీ ఒకటే కదా?

ఒకటే అని నేను అనుకోను, నిజానికి ఈ పేజీ అంతా రాస్తున్నది ఈ ఒక్క ప్రశ్న కోసమే.

ఫ్రీ సైట్ల లిస్టు అంటూ ఒకటి తయారైతే దాన్ని రాష్ట్రం వారీగా, సర్కిల్ (సిమ్ కంపెనీల లెక్కలో ఒక ప్రాంతం) వారీగా చేస్తారు. ఒడిశా సర్కిల్ అంటే ఒడియా, హిందీ, ఇంగ్లీష్. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో ఇన్ని ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారని ఆ లిస్టు రాసేవాడికి ఎందుకు గుర్తుంటుంది? మన సిమ్ ఒడిశాది, మన చదువు సగం ఒడియాది, మన పెళ్ళిసంబంధాలు మాత్రం టెక్కలి, పాతపట్నం, పలాస. జీడిపిక్కల రైతుకి కావాల్సింది పలాసలో ఇవాళ రేటెంత అని. ముసలాయనకి కావాల్సింది శ్రీకాకుళం జిల్లా ఎడిషన్, అందులో తనవాళ్ళ ఊరి వార్త. కుర్రాడికి కావాల్సింది ఏదో చిన్న ఛానెల్లో తెలుగులో చెప్పే పోటీ పరీక్షల పాఠం. వీటిలో ఒక్కటి కూడా ఒడిశా ఫ్రీ లిస్టులో ఉండదు. అటు ఆంధ్ర సర్కిల్ లిస్టులో ఉన్నా మన సిమ్‌కి రాదు. మహారాష్ట్రలో సిరొంచ, దెగ్లూరు వైపు తెలుగువాళ్ళదీ ఇదే పరిస్థితి, వాళ్ళకి మరాఠీ లిస్టు వస్తుంది. సవరవాళ్ళ సంగతైతే ఇక చెప్పక్కర్లేదు, వాళ్ళ భాష ఏ రాష్ట్రం లిస్టులోనూ ఉండదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మన ఊరి పక్కన పడింది. ఆ గీత నేల మీద ఉంది, మనం దానికి అలవాటుపడ్డాం, ఇక్కడే బతుకుతున్నాం, ఒడియావాళ్ళతో బాగానే ఉన్నాం. నెట్‌లో ఆ గీత లేదు. అందరికీ ఒకే రేటు ఉన్నంతకాలం పర్లాకిమిడిలో కూర్చున్న తెలుగువాడికీ విజయవాడలో కూర్చున్న తెలుగువాడికీ తేడా లేదు. రేటు మార్చేసిన రోజున ఆ గీతని మన ఫోన్లోకి కూడా తెచ్చి గీసినట్టే.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. జనం మాట్లాడే తెలుగుని బడిలోకి, పుస్తకంలోకి రానివ్వమని ఆయన కొట్లాడారు, సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి పుస్తకాలు రాశారు. ఏ భాష లోపలికి రావాలో గేటు దగ్గర నిలబడ్డవాడు తేల్చకూడదని ఈ ఊళ్ళో ఒకసారి పోరాటం జరిగే ఉంది, కాబట్టి మనకి ఈ విషయం కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు అనుకుంటా.

కాంగ్రెస్, బీజేపీ, ఎర్రజెండావాళ్ళు ఏమన్నారు?

2015 ఏప్రిల్ 22న రాహుల్ గాంధీ లోక్‌సభలో ఇది లేవనెత్తారు, ఇంటర్నెట్‌ని కార్పొరేట్లకి అప్పజెప్పే ప్రయత్నం జరుగుతోంది, నెట్ న్యూట్రాలిటీకి చట్టం తేవాలి అని. అప్పటి టెలికాం మంత్రి రవిశంకర్ ప్రసాద్ లేచి, మేం ఏ కంపెనీ ఒత్తిడికీ లొంగం, వివక్ష లేకుండా అందరికీ నెట్ అందాలన్నదే మా మాట అన్నారు. కమ్యూనిస్టులు కూడా ఫ్రీ బేసిక్స్ లాంటివాటికి వ్యతిరేకమే. అంటే బయటికి ఎవరూ నెట్ న్యూట్రాలిటీ వద్దని అనలేదు. చివరికి రూల్ వచ్చింది బీజేపీ ప్రభుత్వం ఉండగానే, ఆ మాట ఒప్పుకోవాలి, కాకపోతే జనం అన్ని లక్షల మెయిళ్ళు పంపకపోతే వచ్చేదా అంటే నాకు అనుమానమే.

ఇప్పుడు రూల్ ఏం ఉంది మరి?

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ రూల్ పెట్టింది, ఏం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటా రేటు మార్చకూడదు, మారిస్తే రోజుకి 50,000 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. మూడు రోజులకే ఫేస్‌బుక్ ఇండియాలో ఫ్రీ బేసిక్స్ ఆపేసింది. వాట్సాప్ ప్యాకులు కూడా దాంతోనే పోయాయి, అప్పటికే వేయించుకున్నవి మాత్రం కొన్నాళ్ళు నడిచాయి. అది రేటు సంగతి. స్పీడు తగ్గించడం, అడ్డుకోవడం గురించి 2017 నవంబర్ 28న ట్రాయ్ సిఫార్సులు ఇచ్చింది, 2018 జూలై 11న టెలికాం కమిషన్ ఒప్పుకుంది, ఆ ఏడాదే కంపెనీల లైసెన్స్ షరతుల్లో చేరింది.

ఒక లోటు ఉంది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది కదా, అందులో నెట్ న్యూట్రాలిటీ అని నేరుగా ఏ సెక్షనూ లేదు. మన రక్షణ మొత్తం ట్రాయ్ రూల్ మీద, లైసెన్స్ షరతు మీద నిలబడి ఉంది. షరతుని ఆఫీసులో కాగితం మీద మార్చొచ్చు, చట్టం మార్చాలంటే పార్లమెంటుకి రావాలి. నాకు దిగులు పుట్టించేది ఇదే.

రీచార్జ్ చేస్తే సినిమాల యాప్ ఫ్రీ అంటున్నారు, అది తప్పు కాదా?

కాదు. యాప్ చందా కంపెనీ కడుతోంది, మీరు సినిమా చూస్తే మాత్రం డేటా మామూలుగానే ఖర్చవుతుంది, పక్క యాప్‌లో చూసినా అంతే. ఆ సినిమా చూస్తే డేటా కోయం అంటే అప్పుడు తప్పు.

రాత్రి తొమ్మిదయ్యేసరికి స్పీడు పడిపోతోంది, కావాలని చేస్తున్నారా?

చాలామటుకు టవర్ మీద లోడు. మన దగ్గర ఒక్క టవర్ కింద రెండు మూడు పల్లెలుంటాయి, అందరూ భోజనాలయ్యాక ఒకేసారి ఫోన్లు పట్టుకుంటారు. రోజు డేటా అయిపోయాక 64 కేబీపీఎస్‌కి పడిపోవడం కూడా ప్లాన్లో రాసి ఉన్నదే, అన్ని సైట్లకీ ఒకేలా పడుతుంది కాబట్టి వివక్ష కాదు. అనుమానించాల్సింది ఎప్పుడంటే, అదే టైములో అదే చోట ఒక యాప్ పరిగెడుతూ ఇంకోటి రోజూ ఆగిపోతుంటే. ఇంకో కంపెనీ సిమ్‌తో అదే యాప్ చూడండి, రెండు మూడు రోజులు టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

తుఫాను వచ్చినప్పుడు ఫ్రీ ఇస్తే కూడా నేరమేనా?

కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాని ఎలా పీకేసిందో ఎవరం మర్చిపోం, కరెంటు లేక, టవర్లు పడిపోయి, కొండ ఊళ్ళల్లో వాళ్ళు బతికున్నారో లేదో తెలియలేదు. అలాంటప్పుడు అత్యవసర సేవలకి రేటు తగ్గించొచ్చని 2016 రూల్లోనే ఉంది, తర్వాత ట్రాయ్‌కి చెప్పాలి అంతే.

గొడవలప్పుడు నెట్ బంద్ చేస్తారు, అది నెట్ న్యూట్రాలిటీ కిందకి వస్తుందా?

రాదు, అది వేరే రూలు. అక్కడ ఆపేది కంపెనీ కాదు, ప్రభుత్వం, అదీ మొత్తం ఆపేస్తుంది. కానీ పార్టీని తూకం వేసేటప్పుడు రెండూ కలిపే చూడాలని నా ఉద్దేశం. 2023 ఏప్రిల్లో సంబల్పూర్‌లో గొడవలైతే రోజుల తరబడి నెట్ ఆపింది బీజేడీ ప్రభుత్వమే. పేదవాడు ఎంచుకునే హక్కు గురించి అంత బాగా లేఖ రాసినవాళ్ళు, యూపీఐ మీద బతికే టీకొట్టువాడి సంగతి కూడా ఆలోచించి ఉండాల్సింది. ఆపే ఆర్డర్లు బయటపెట్టాలి, కాలపరిమితి లేకుండా ఆపకూడదు అని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో చెప్పింది.

యూట్యూబ్ లాంటి పెద్ద కంపెనీలు టెలికాం వాళ్ళకి డబ్బు కట్టాలంటున్నారు, న్యాయమే కదా?

వినడానికి న్యాయంగానే ఉంటుంది. కొన్నేళ్ళుగా టెలికాం కంపెనీల సంఘం గట్టిగా అడుగుతోంది, మా నెట్‌వర్క్ మీద వాళ్ళు సంపాదిస్తున్నారు, వాటా ఇవ్వాలి అని. కానీ ఆ వీడియో తెప్పించుకున్నది నేను, దానికి డేటా డబ్బు నేను కట్టాను. ఒకే గంపకి రెండు వైపులా ఆశీలు ఎందుకు? దక్షిణ కొరియాలో ఇలాంటి పద్ధతే పెట్టారు, నెట్‌వర్క్ ఛార్జీలు భరించలేమని చెప్పి ట్విచ్ అనే వీడియో కంపెనీ 2024 ఫిబ్రవరిలో ఆ దేశంలో దుకాణం మూసేసింది. పెద్దవాడు కడతాడు లేదా పోతాడు, తెలుగులో పాఠాలు చెప్పే చిన్నవాడి పని ఏమవుతుందో చూడండి.

అమెరికాలోనే లేదంట కదా, మనకెందుకు?

వాళ్ళు 2015లో పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్ళీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా రూలు మారడం వల్ల జరిగింది అది. మన దగ్గర 2016 నుంచి నిలబడి ఉంది, ఈ ఒక్కదాంట్లో మనమే నయం.

బీజేడీ ఇప్పుడు ఓడిపోయింది కదా, ఆ లేఖకి విలువేంటి?

2024లో రాష్ట్రమూ పోయింది, లోక్‌సభలో ఒక్క సీటూ రాలేదు, బరంపురం కూడా కమలానికి పోయింది, నిజమే. లేఖ మాత్రం అలాగే ఉంది. శంఖం వాళ్ళు వస్తే, మీ నాయకుడు రాసిన మాట మీద ఇప్పటికీ ఉన్నారా, ఉంటే ఎందుకు దాని గురించి మాట్లాడట్లేదు అని అడగండి. కమలం వాళ్ళు వస్తే, మీరే పెట్టిన రూలు కదా, చట్టంలో ఎందుకు రాయలేదు అని అడగండి. కాంగ్రెస్ వాళ్ళు వస్తే, 2015లో చట్టం కావాలన్నారు, ఇప్పుడు బిల్లు పెడతారా అని. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా పర్లేదు, మన వైపు నాయకులకి రెండూ వచ్చు.

కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి?

ముందు మీ కంపెనీకే, 198కి ఫోన్ చేసి. డాకెట్ నంబర్, అంటే మీ కంప్లైంట్ నంబర్ ఇస్తారు, అది తప్పకుండా రాసుకోండి, అది లేకపోతే తర్వాత ఎవరూ వినరు. తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, ఆయనకి రాయాలి. ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లైంట్ తీసుకోదు, కాబట్టి నేరుగా అక్కడికి పంపి ఎదురుచూడకండి. రాయడం రాకపోతే షాపుకి వచ్చేయండి, స్క్రీన్‌షాట్లు తెస్తే చాలు, నేను రాసిపెడతా. ఆదివారం మధ్యాహ్నం మూస్తాను, మిగతా రోజులు రాత్రి తొమ్మిది దాకా ఉంటా.